వాలుగాలి

మా ఆయనకి సముద్రం పడదు.
స్వెన్‌బోర్గ్ ఫెర్రీ ఇంకా తాళ్లు విప్పకముందే
ముఖం పాలిపోయి బకెట్ వెతుక్కుంటాడు.
దీవిలోనే పుట్టి, దీవి బడిలోనే లెక్కలు చెప్పి,
నీళ్లు దాటాల్సిన ప్రతి పెళ్లికీ జ్వరం తెచ్చుకున్న మనిషి
ఎస్కిల్.
నేనేమో ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఫెర్రీ వంటగదిలో
ఊగే పొయ్యి మీద బఠాణీ పులుసు కాచినదాన్ని.
గిన్నెలో పులుసు ఒరిగిన తీరు చూసి
బయట ఏ గాలో చెప్పేదాన్ని.

అయినా ఓడలు కట్టేది ఆయనే.

రిటైరైన రోజు, బడి ఇచ్చిన గడియారం
సొరుగులో పడేసి
పియర్ చెట్టు దుంగ ఒకటి భుజాన వేసుకొచ్చాడు.
అప్పట్నుంచి వంటింటి బల్ల నాది కాదు.
నా కెటిల్లో టీ కాగదు, పలకలు ఉడుకుతాయి,
అగ్గిపుల్లంత సన్నవి.
మెత్తబడ్డాక పక్కటెముకల వెంట వంచి, సూదులు గుచ్చి
ఊపిరి బిగబట్టి కూచుంటాడు.
ఒకటి టప్‌మని విరిగిందా,
ఆ పూట ఇంట్లో చెంచాల చప్పుడే మాట.

బట్టలారేసే క్లిప్పులు నలభై రెండు పోయాయి.
నా పెళ్లినాటి దుప్పటి పదకొండు తెరచాపలైంది.
పాతబడ్డట్టు కనబడాలని
వాటిని టీ డికాషన్లో నానబెట్టాడు.
పాతబడ్డం ఎలాగో నన్నడగొచ్చుగా, అన్నాను.

ఒక రాత్రి తాళ్ల నిచ్చెనలకి ముడులేయమని పిలిచాడు.
ఒక్కోటి ఆవగింజలో సగం.
మొత్తం పద్నాలుగు వందల ఇరవై ఆరు:
లెక్కల మాస్టారు కదా, గోడ మీద రాసుకున్నాడు.
ఉల్లిపాయలు తరిగిన నా వేళ్లకి
పట్టకారు లొంగలేదు.
కానీ ముడి చూశాను. "ఇది జారుతుంది."
"జిగురు పెడతానుగా."
సముద్రం మీద జిగురెవడు పెడతాడని
అనబోయి ఊరుకున్నాను.

మూడేళ్లు పట్టింది. మొన్న మార్చిలో
పాస్టరమ్మ రాగ్నిల్ టేపు తెచ్చి కొలుచుకుంది.
చర్చి కప్పుకి వేలాడే పాత ఓడని పురుగు తొలిచేసింది,
ఆ చోటు దీనికి.
అణియం కత్తిలా, అమరం పెట్టెలా,
చాపలన్నీ నిండు చూలాళ్లలా ముందుకి పొంగి,
అమరాన గోరంత ఎర్రజెండా వెనక్కి రెపరెప.

చూసినవాళ్లంతా ఆహా అన్నారు.
నేనూ చూశాను. మళ్లీ చూశాను.
"ఎస్కిల్, ఇక్కడ ఎన్ని గాలులు వీస్తున్నాయి?"
"..."
"చాపల్ని నింపే గాలి వెనకనుంచి.
జెండాని ఆడించే గాలి ముందునుంచి.
మధ్యలో కళాసులు ఏ గంగలో దూకాలి?"

కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.
"ఫెర్రీకి జెండా వెనక్కే ఎగురుతుంది.
రేవులో నిలబడి
నువ్వు వెళ్తుంటే ముప్పై ఒక్క ఏళ్లు చూశాను."

నాకు తెలీదు ఆ సంగతి.
కిందుండేదాన్ని, బఠాణీలు కడుగుతూ.

ఆదివారం రెండు టికెట్లు కొన్నాను. ఒక బకెట్ పట్టాను.
వెనక డెక్ మీద ఎస్కిల్‌ని కమ్మీకి ఆనించి
పైకెళ్లి పాత సరంగు తోర్బెన్‌ని బతిమాలాను.
ఇరవై ఏళ్లు నా పులుసు తిన్నవాడు, కాదనలేదు.
దారి మధ్య, వాలుగాలిలో,
ఇంజన్ ఆపాడు.

మోత చచ్చింది. నీళ్ల చప్పుడు మిగిలింది.
అప్పటిదాకా వెనక్కి కొట్టుకుంటున్న జెండా
తడబడింది, వేలాడింది, కర్రకి చుట్టుకుంది,
విప్పుకుంది,
మెల్లగా మా ముఖాల మీదికి తిరిగింది.

బకెట్లోంచి తలెత్తి చూశాడు మా ఆయన.
గడ్డం తడి, కళ్లు తడి, పెదాలు ఆకుపచ్చ.
"ఓహో" అన్నాడు.
మళ్లీ బకెట్లోకి వంగాడు.

రెండ్రోజులు మంచం దిగలేదు.
మూడోరోజు తెల్లారకముందే
వంటింట్లో దీపం, పట్టకారు చప్పుడు.

ఇప్పుడు ఓడ చర్చిలో, మా తలల మీద.
గుడ్డిగాలికైనా కదలదు, దారానికి వేలాడుతూ.
ప్రార్థన మధ్య ఎవరో ఒకరు మెడ వంచి చూసి
జెండా తిరగబడిందే మాస్టారూ, అంటారు.
ఎస్కిల్ కీర్తనల పుస్తకంలోంచి చూపు తిప్పడు.
"వంటమనిషిని అడగండి."